తొమ్మిది రాళ్ల అడ్వాన్సు

చందానగర్ దాటేసరికి ఫిలిప్ ఆట సగానికి వచ్చాడు. లింగంపల్లిలో లోకల్ రైలెక్కగానే కళ్లు మూసుకుని మొదటి రాయి పెట్టడం, హైటెక్ సిటీ స్టేషన్లో దిగేలోగా ఆఖరి రాయి దాకా వెళ్లడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. సీటు దొరక్కపోయినా ఆట ఆగదు. ఒక చేత్తో పైన పట్టీ పట్టుకుని, రెండో చేత్తో టిఫిన్ క్యారియర్‌ను పొట్టకు ఆనించుకుని, పెదాలు కదుపుతూ మనసులోనే ఆడుకుంటాడు. మెడలో చిన్న సిలువ కనిపిస్తుంది కాబట్టి పక్కవాళ్లు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని కాస్త జరిగి చోటిస్తారు. ఆ మర్యాద తనకు చెందింది కాదని ఆయనకు తెలుసు. అయినా లోకల్ రైల్లో చోటిస్తే వద్దనే మనిషి ఎవడుంటాడు?

ఆయన ఆడుకునేది గో. నిలువుగా పందొమ్మిది గీతలు, అడ్డంగా పందొమ్మిది గీతలు గీసిన చెక్క పలక. ఒకరివి నల్ల రాళ్లు, ఇంకొకరివి తెల్ల రాళ్లు. గీతలు కలిసే చోట వంతులవారీగా ఒక్కో రాయి పెడుతూ పోవాలి. పెట్టిన రాయిని మళ్లీ కదపడానికి లేదు, అవతలి రాళ్లు అన్ని వైపులా చుట్టేస్తే మాత్రం అది చచ్చి పలక మీంచి పోతుంది. ఎక్కువ జాగాను ఎవరు చుట్టుకుంటే వాళ్లది గెలుపు. చెప్పడానికి ఇంతే. కూర్చుని ఆడితే మాత్రం మనిషి ఆయుష్షు చాలదు.

ఇరవై ఏళ్ల కిందట కంపెనీ పంపితే ఫిలిప్ జపాన్‌లోని నగోయాలో ఏడాది ఉన్నాడు. ఆయన గది పక్క సందులో ముసలివాళ్లు గో ఆడుకునే చోటు ఒకటుండేది. లోపల వెచ్చగా ఉంటుందని వెళ్లి ఆటకు దొరికిపోయాడు. తిరిగొచ్చే ముందు ఆ గదికి మొరిషిత అనే ప్రొఫెషనల్ వచ్చాడు. గో ఆడటమే ఆయన ఉద్యోగం. పసితనంలోనే గురువు ఇంట్లో చేరి, పొద్దున్న లేచింది మొదలు అదే పనిగా నేర్చుకున్నవాడు. అలాంటివాళ్లతో సరదాగా నేర్చుకున్నవాళ్లు ఆడాలంటే, తేడా సర్దడానికి ముందుగానే కొన్ని నల్ల రాళ్లు పలక మీద పెట్టుకోనిస్తారు. ఫిలిప్ నాలుగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట సమంగా ముగిసింది. చెరి సగం. ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. మొరిషిత లేచి, నడుం వంచి నమస్కరించి, "ఒక్కచోట మీరు నన్ను ఆశ్చర్యపెట్టారు" అన్నాడు.

రైల్లో రోజూ ఆడుకునేది ఆ ఆటనే. ఆ ఆట మీదే ఫిలిప్ ఇరవై ఏళ్లు బతికాడంటే అతిశయోక్తి కాదు.

తెనాలి నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన జపనీస్ వచ్చిన అరుదైన మనిషి. కార్ల విడిభాగాల పుస్తకాలను జపనీస్ నుంచి ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. అది చేసిన చోట కామాలు సరిచేయడం ఆయన పని. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, కాస్త ముందుకు వంగిన భుజాలతో, పొట్టి చేతుల చొక్కా జేబులో ఎప్పుడూ వాడని పెన్నుతో, కాఫీ మిషను పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లలు మేనేజర్లయ్యారు. ఏటా వాళ్లే ఆయన్ని గదిలోకి పిలిచి, ప్రమోషన్ ఈసారి కూడా కుదరలేదు సర్ అని నొచ్చుకుంటూ చెబుతారు. ఆయన తలూపి బయటకొస్తాడు. ఒక ప్రొఫెషనల్‌తో సమంగా ఆడినవాణ్ణి అనుకుంటాడు లోపల. ఆ మాట అనుకోగానే కడుపు చల్లబడుతుంది.

అలాంటి మాటలో నిన్న మధ్యాహ్నం యాదయ్య వేలు పెట్టాడు.

యాదయ్య ఆఫీసు భవనంలో జనరేటర్ ఆపరేటరు. సొంత ఊరు పక్కనే ఉన్న ఖానామెట్. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట చిన్నప్పుడు బర్రెలు కాసినవాడు. కరెంటు ఉన్నంతసేపు పనుండదు, పోతే మాత్రం పరుగే. అలా ఖాళీగా కూర్చున్న మనిషిని ఫిలిప్ ఆటలోకి దింపాడు. "ఇది మేకా పులీ లెక్కనే ఉన్నది గద సారూ" అంటూ హుషారుగా దిగిన యాదయ్య, అప్పట్నుంచీ ఓడిపోతూనే ఉన్నాడు. పలక మీద తొమ్మిది పెద్ద చుక్కలుంటాయి. బలహీనుడు ముందుగా పెట్టుకునే రాళ్లు ఆ చుక్కల మీదే పెట్టాలి, తొమ్మిదిని మించకూడదు. గెలిస్తే ఒకటి తగ్గించుకోవాలి. యాదయ్య తొమ్మిదీ పెట్టుకుంటాడు. వాటికి అడ్వాన్సు అని పేరు కూడా తనే పెట్టాడు. కిరాయి ఇంట్లో దిగేముందు కట్టేదాని లాంటిదేనట, కాకపోతే ఇది ఏనాడూ వాపసు రాదట.

ఆఫీసులో ఆట నేర్చుకున్న కుర్రాళ్లు ఇంకొందరు లేకపోలేదు. కాస్త రాగానే వాళ్లు ఫోన్లలోకి వెళ్లిపోయి, ముఖం తెలియనివాళ్లతో ఆడుకుంటున్నారు. ఇన్ని లక్షల మంది తిరిగే ఈ మేడల మధ్య, ఎదురుగా కూర్చుని రాయి పెట్టే మనిషి ఫిలిప్‌కు యాదయ్య ఒక్కడే. ఆ ఒక్కడూ నిన్న ఘోరంగా ఓడి, రాళ్లు డబ్బాలో పోస్తూ, "రేపటిదే ఆఖరు సారూ. నాతోని కాదిగ. నీ టైము ఖరాబు, నా టైము ఖరాబు" అన్నాడు.

ఫిలిప్ డబ్బా మూత పెట్టబోయి ఆగాడు. ధైర్యం చెబుదామని నగోయా ఆట సంగతి చెప్పాడు. తానూ మామూలు మనిషేననీ, పట్టు వదలకపోతే ఏదో ఒకరోజు అంతవాడితోనూ సమంగా నిలబడొచ్చనీ అన్నాడు. యాదయ్య శ్రద్ధగా విని, తల గోక్కుని అడిగాడు.

"ఒక్కటి సమజ్ కాలె సారూ. నువ్వు తొమ్మిది రాళ్లిచ్చి గూడ నన్ను కొడ్తున్నవు. ఆయనకైతే అదే నౌకరి. గంత పెద్దోడు నీతోని కరెక్టు సమానంగ ఎట్ల దిగిండు? ఒకటి ఎక్కువ గాక, ఒకటి తక్కువ గాక?"

యాదయ్య ఏ దురుద్దేశంతోనూ అడగలేదు. అందుకే ఆ ప్రశ్న రాత్రంతా పోలేదు. ఈ ఉదయం రైల్లో మొదటిసారి ఫిలిప్ తన రాళ్లను కాక, మొరిషిత రాళ్లను చూస్తూ ఆడాడు. హైటెక్ సిటీలో దిగేటప్పుడు ఎడమ భుజం లాగుతోంది. పట్టీ పట్టుకుని వేలాడినందుకేమోనని చేయి విదిలించుకుంటూ షేర్ ఆటో ఎక్కాడు.

*

రాబిన్ ఆయన వెనక వరసలో కూర్చునే కుర్రాడు. ఖమ్మం నుంచి వచ్చాడు. చేరిన కొత్తలో ఫిలిప్ దగ్గర గో నేర్చుకుని, ఇప్పుడు ఫోన్లో ఆయన్ని మించి ఆడుతున్నాడు. ఆ గర్వం లేదు వాడికి. ఆ పాత ఆటను ఒకసారి ఫోన్లో పెట్టి చూద్దాం సర్ అని ఎన్నోసార్లు అడిగాడు. ఏ రాయి సరైనదో, ఏ రాయి వల్ల ఎంత పోయిందో ఫోన్ చెప్పేస్తుందట. ఇన్నాళ్లూ ఫిలిప్ నవ్వి దాటేశాడు. ఇవాళ తనే కాఫీ కప్పుతో వెళ్లి వాడి పక్కన కుర్చీ లాక్కుని, "పెట్టు బాబూ" అన్నాడు.

ఒక్కో రాయీ ఫిలిప్ చెబుతుంటే రాబిన్ తెర మీద పెడుతూ పోయాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఫిలిప్ తడుముకోలేదు. ముందు రాబిన్ ఉత్సాహంగా వ్యాఖ్యానం చెప్పాడు. తర్వాత మాటలు తగ్గాయి. ఆట అయ్యాక, ఎవరు ఎప్పుడు ఎంత ముందున్నారో చూపే గీత ఒకటి తెర మీద వచ్చింది. రాబిన్ దాన్ని చూస్తూ మెడ వెనక రుద్దుకున్నాడు.

"ఏంటి? చెప్పు, పర్లేదు."

"సర్, ఆయన సగం ఆటలోనే మీ నాలుగు రాళ్ల తేడా మొత్తం లాగేశారు. ఇదిగో, ఇక్కడికే ముందుకెళ్లిపోయారు. ఆ తర్వాత చూడండి." వాడి వేలు ఒకచోట ఆగింది. "ఇక్కడ మీ గుంపు చచ్చిపోవాలి సర్. నాకే కనిపిస్తోంది. ఆయనకు కనిపించలేదంటే ఎట్లా నమ్మాలి? చంపకుండా పక్కన పెట్టారు. మళ్లీ ఇక్కడ కొంచెం వదిలారు. మీరు తప్పు పెట్టినప్పుడల్లా ఆయన కూడా ఒకటి..."

"నాది ఎంతో అంతే తప్పా?"

"సరిగ్గా అంతే సర్."

కాఫీ మిషను ఎవరి కోసమో గురగురలాడి ఆగింది. ఫిలిప్ కప్పులోకి చూశాడు.

"కానీ సర్, ఎడమ కింది మూలలో మీరు పెట్టిన ఈ ఒక్క రాయి..." అని రాబిన్ ఏదో చూపించబోయాడు.

"తర్వాత చూద్దాం బాబూ," అని ఫిలిప్ లేచిపోయాడు.

సీట్లో కూర్చుని ఆయన చాలాసేపు కామాలు సరిచేశాడు. కోపం రాలేదు. వచ్చింది సిగ్గు. ఎవరో కలిపి నోట్లో పెట్టిన ముద్దను తను వండుకున్న అన్నమని ఇరవై ఏళ్లు చెప్పుకు తిరిగినట్టయింది. ఎంతమందికి చెప్పాడు! కూతురు సెలీనా పెళ్లిలో ఆమె అత్తవారికి చెప్పాడు. చర్చి పిక్నిక్‌లో పాస్టరు గారికి చెప్పాడు. ఏటా ఆ గదిలోంచి బయటకొస్తూ తనకు తాను చెప్పుకున్నాడు. ఎడమ భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. గ్యాస్ అనుకుని సొరుగులోంచి మాత్ర తీసి నమిలాడు.

మధ్యాహ్నం దగ్గరపడుతుంటే సిగ్గు కింద నుంచి ఇంకో సంగతి పైకి తేలింది. మొరిషిత గెలవాలంటే కష్టమేముంది? ఆయనకది చిటికెలో పని. అలా గెలిచి వెళ్లిపోతే, ఊరికి తిరిగొచ్చిన ఫిలిప్ గో పలకను అటక మీద పడేసేవాడు. ఆయన అది చేయలేదు. ఎదురుగా కూర్చున్న ఒక పరాయి దేశపు గుమాస్తా ఎక్కడెక్కడ తప్పు చేస్తాడో ముందే పసిగట్టి, ప్రతి తప్పుకూ అంతే బరువు తన వైపునా వేస్తూ, ఆఖరికి తక్కెడను మధ్యలో నిలబెట్టాడు. మధ్యలో టీ తాగాడు. కిటికీలోంచి మంచు చూశాడు. ఇచ్చింది ఇచ్చినట్టు ఇరవై ఏళ్లు తెలియనివ్వలేదు.

ఫిలిప్ టిఫిన్ క్యారియర్ తీసుకుని లేచాడు. ఇవాళ యాదయ్యతో ఆట సమం చేయాలనుకున్నాడు. గెలిపిస్తే అనుమానం వస్తుంది. ఒకసారి అలా గెలిపించబోతే యాదయ్య పట్టేసి, "బిచ్చం ఏస్తున్నవా సారూ?" అని వారం పాటు మాట్లాడలేదు. సమం అయితే నమ్ముతాడు. నమ్మితే రేపు కూడా కూర్చుంటాడు.

*

సెల్లార్‌లో జనరేటర్ గది పక్కన పాత బ్యాటరీ పెట్టె ఉంది. దాని మీద గో పలక. యాదయ్య అప్పటికే పాత గుడ్డతో పలక తుడిచి, తొమ్మిది చుక్కల మీద తొమ్మిది నల్ల రాళ్లు పేర్చి ఉంచాడు. ఖాకీ చొక్కా, డీజిలు మరకల చేతులు, నెరిసిన గుబురు మీసం. ఆట ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం ఆయన నియమం. ఎంత కడిగినా గోళ్ల అంచుల నలుపు పోదు.

"తిందమా, ఆడుదమా సారూ?"

"ఆడుతూ తిందాం."

యాదయ్య జొన్నరొట్టె విప్పాడు. ఫిలిప్ తన క్యారియర్‌లోని వంకాయ కూర సగం మూతలో వేసి ఆయనకిచ్చి, మొదటి తెల్ల రాయి పెట్టాడు.

ఓడటానికి ఇంత చదువు కావాలని ఫిలిప్‌కు ఇన్నేళ్లలో తెలియదు. ఊరికే పిచ్చి రాయి పెడితే యాదయ్య ముక్కు పుటాలు ఎగరేస్తాడు. మంచి రాయిలా కనబడాలి, కాస్త తక్కువ మంచిదై ఉండాలి. తెంపగలిగిన చోట తెంపకుండా, ఏదో పెద్ద ఆలోచన ఉన్నట్టు పక్కకు జరిగాడు. ఎడమ వైపు నాలుగు జాగాలు వదిలేశాడనుకుంటే, లెక్క చూస్తే ఏడు పోయాయి. అవి తిరిగి రాబట్టుకోవడానికి కుడివైపు గట్టిగా పట్టాల్సి వచ్చింది. పట్టేలోగా యాదయ్య తనంతట తను ఒక తప్పు పెట్టి మూడు రాళ్లు పోగొట్టుకున్నాడు. తక్కెడ మళ్లీ ఫిలిప్ వైపే ఒరిగింది. ఆయన నుదుట చెమట పట్టింది.

"ఏంది సారూ, ఇయ్యాల జర పరేషాన్‌ల ఉన్నవు?"

"ఉక్కగా ఉంది."

అప్పుడే కరెంటు పోయింది. యాదయ్య చేతిలోని రొట్టె ముక్క నోట్లో వేసుకుని లోపలికి పరిగెత్తాడు. జనరేటర్ అందుకుంది. దీపాలు ఒకసారి మినుక్కుమని వెలిగాయి. ఆ రొదలో ఫిలిప్ ఒక్కడూ పలక మీదికి వంగి వేలితో జాగాలు లెక్కపెట్టాడు. ఒకసారి ఒక లెక్క వచ్చింది, రెండోసారి ఇంకోటి వచ్చింది. మొరిషిత లెక్కకు వేలు ఎత్తగా తను ఒక్కసారీ చూడలేదు. ఆయన కళ్లు పలక మీద ఎక్కువసేపు నిలిచిందీ లేదు. ఫిలిప్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఈసారి తేలింది.

ఆటలో హద్దులన్నీ దాదాపు తీరిపోయాయి. ఇలాగే ముగిస్తే యాదయ్యకు ఒక జాగా ఎక్కువ వస్తుంది. కానీ యాదయ్యకు ఒక భయం ఉంది. ప్రతి ఆట చివరా కుడి పై మూలలో, అన్ని వైపులా భద్రంగా ఉన్న తన ఇంట్లోనే, ఎందుకైనా మంచిదని ఒక రాయి పెట్టుకుంటాడు. సొంత ఇంట్లో సొంత రాయి పెడితే ఒక జాగా పోయినట్టే. ఎన్నిసార్లు చెప్పినా ఆ రాయి పెట్టకుండా ఆయన చేయి ఊరుకోదు. ఇవాళా పెడతాడు. పెట్టాడంటే ఆట సమం. ఫిలిప్‌కు మొదటిసారి ఆ రోజు ఊపిరి తేలికైంది. మొరిషితకు ఇలాగే ఉండి ఉంటుందనిపించింది.

యాదయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మిగిలిన ఖాళీలు ఒకరి తర్వాత ఒకరు నింపారు. యాదయ్య చేయి డబ్బాలోకి వెళ్లింది. నల్ల రాయి తీసింది. కుడి పై మూల మీద ఆగింది.

ఫిలిప్ ఎదురుచూశాడు.

యాదయ్య అలా చేయి గాల్లో పెట్టే ఆ మూల వంక చూశాడు. పెదాలు కదిలాయి. నువ్వు ఇట్ల వస్తే నేనిట్ల, నువ్వట్ల వస్తే నేనిట్ల అని గొణుక్కుంటున్నాడు. ఇంకోసారి మొదట్నుంచి గొణుక్కున్నాడు. తర్వాత రాయిని నెమ్మదిగా తీసి డబ్బాలో వేసేశాడు.

"వద్దు సారూ. పెట్టే పని లేదు. అది పదిలంగనే ఉన్నది. అయిపోయింది ఆట."

లెక్క ఇద్దరూ కలిసి చేశారు. జనరేటర్ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక వేళ్లు చూపించుకున్నారు. నల్లవాటికి ఒక జాగా ఎక్కువ. యాదయ్య నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టాడు. అంతలో కరెంటు వచ్చింది, జనరేటర్ ఆగింది, సెల్లార్ నిశ్శబ్దమైంది.

"ఒకటి," అన్నాడు యాదయ్య. ముఖంలో సంతోషం రాబోయి ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసి ఫిలిప్‌ను చూశాడు. "సచ్చి చెప్పు సారూ. ఇడిసిపెట్టినవా?"

ఇదీ అడుగుతాడని ఫిలిప్ ముందే అనుకోవాల్సింది. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. నిజం చెబితే ఈ మనిషి లేచి వెళ్లిపోతాడు, మళ్లీ ఈ పెట్టె ముందు కూర్చోడు. ఆయన పలక వంక చూశాడు. తను వదిలినవి, మళ్లీ పట్టినవి, తప్పిన లెక్కలు అన్నీ అక్కడ ఉన్నాయి. వాటన్నిటి మధ్య, కుడి పై మూలలో, ఖాళీగా ఉండిపోయిన ఒక్క జాగా ఉంది. దాన్ని ఆయన ఇవ్వలేదు. ఆయన లెక్కలో అది లేనే లేదు.

"యాదయ్యా, అక్కడ నువ్వు రాయి పెడతావనే అనుకున్నాను నేను. పెట్టి ఉంటే సమం అయ్యేది. నువ్వు పెట్టలేదు. ఆ ఒక్కచోట నన్ను ఆశ్చర్యపెట్టావు. ఒట్టు."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక, అది మొరిషిత మాటేనని ఫిలిప్‌కు తట్టింది. కానీ యాదయ్య అది గమనించే స్థితిలో లేడు. ఆయన మీసం కింద నవ్వు విచ్చుకుంది. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. కడిగిన చేతులే అయినా బుగ్గ మీద సన్నటి డీజిలు గీత పడింది.

"ఆరేండ్లు పట్టె గద సారూ, ఆ మూల బుగులు వోనికి," అన్నాడు. తర్వాత పలక మీది రాళ్లు ఏరుతూ, పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకున్నాడు. "ఇగ తొమ్మిది ఏంది? గెలిస్తే ఒకటి తగ్గాలె గద. రేపు ఎనిమిదే పెడ్త."

"రేపు ఆఖరన్నావుగా?"

"గది నిన్నటి ముచ్చట సారూ."

*

సాయంత్రం రైల్లో సీటు దొరికింది. ఫోన్లో రాబిన్ సందేశం వచ్చి ఉంది. పొద్దున పెట్టిన ఆటలో ఎడమ కింది మూల బొమ్మ పంపాడు. "మీరు వినకుండా వెళ్లిపోయారు సర్. ఈ రాయి ఫోన్ కూడా మొదట చూడలేదు. చాలాసేపు ఆలోచించాక ఇదే అన్నిటికన్నా మంచిదని చెప్పింది. దీని తర్వాత ఆయన రెండుచోట్ల తడబడ్డారు. ఇది మాత్రం మీదే సర్."

ఫిలిప్ ఫోన్ జేబులో పెట్టి కళ్లు మూసుకున్నాడు. మొదటి రాయి నుంచి మొదలుపెట్టి, ఆ మూల దగ్గరికి వచ్చి, ఆ రాయి పెట్టి ఆగిపోయాడు. ఆఖరి దాకా వెళ్లాలనిపించలేదు. హఫీజ్‌పేట, చందానగర్ వచ్చాయి, పోయాయి. ఆయన ఆ ఒక్క రాయి దగ్గరే కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల ఆస్తి కరిగి ఒక్క రాయి అయింది. అదైనా అసలుది. చాలు అనిపించింది. నిజంగానే చాలు అనిపించింది.

ఇంట్లో భార్య ఎస్తేరు బాల్కనీలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. దగ్గర్లోని స్కూల్లో లెక్కల టీచరు. ఫిలిప్ చెప్పులు విడిచి, ఎదురుగా కేన్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఎస్తేరూ, నగోయాలో ఆ ఆట నేను ఆడింది కాదు. ఆయన ఆడించాడు. సమం ఆయనే చేశాడు."

ఎస్తేరు ఆ ఆట గురించి పెళ్లిళ్లలోనూ పిక్నిక్కుల్లోనూ విని విని ఉంది. చేతిలోని కాయను తుంచి గిన్నెలో వేసింది.

"అయితే మంచాయనేనండీ పాపం," అంది.

ఫిలిప్ నవ్వాడు. గట్టిగా, చాలాకాలం తర్వాత. "ఔను, మంచాయనే" అన్నాడు. యాదయ్య గెలిచిన సంగతి, పెట్టని రాయి సంగతి చెప్పాడు. రేపు ఎనిమిదేనట అన్నాడు. చెబుతూ ఎడమ చేయి రుద్దుకుంటుంటే ఆమె చూసింది.

"ఏమైంది ఆ చేతికి?"

"పొద్దున్నుంచీ లాగుతోంది. పట్టీ పట్టుకు వేలాడాను కదా."

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. టీ పెట్టుకొస్తానుండండి."

టీ తెచ్చేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆటలో ఉన్నాడనుకుంది. ఆటలో ఉన్నప్పుడు కదిలించడం ఆమెకు అలవాటు లేదు. కప్పు స్టూలు మీద పెట్టి, మిగిలిన చిక్కుళ్లు తుంచుకుంటూ కూర్చుంది. కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. స్టేషన్ వైపు రైలు కూత వినపడింది. ఆయన పెదాలు కదలడం లేదని ఆమె గమనించేసరికి టీ చల్లారిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం సెల్లార్‌లోకి రాబిన్ వచ్చాడు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు. యాదయ్య చేతులు కడుక్కుని, జొన్నరొట్టె మూట విప్పకుండా పక్కన పెట్టుకుని, బ్యాటరీ పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు.

"సారు లేటు చేసిండేంది ఇయ్యాల?" అన్నాడు.

రాబిన్ దగ్గరికి వచ్చి, ఆయన పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. చెప్పడానికి ఎక్కువ మాటలు లేవు. యాదయ్య విన్నాడు. తల వంచుకుని, మోకాళ్ల మీది చేతుల్ని చూసుకున్నాడు.

"నిన్ననే గద," అన్నాడు. "నిన్ననే గద ఒట్టు వెట్టిండు."

రాబిన్ ఏడ్చాడు. యాదయ్య ఆ పిల్లవాడి వీపు మీద చేయి వేశాడు. ఇంతలో కరెంటు పోయింది. పైన ఇన్ని అంతస్తుల్లో ఇన్ని వేల దీపాలు ఆయన కోసం ఆగవు. మోకాళ్లు పట్టుకుని లేచి, కండువాతో ముఖం తుడుచుకుంటూ యాదయ్య జనరేటర్ గదిలోకి వెళ్లాడు. రాబిన్ ఆయన వెనకే వెళ్లాడు.

దీపాలు మినుక్కుమని మళ్లీ వెలిగాయి. పెట్టె మీద, శుభ్రంగా తుడిచిన పలక మీద, ఎనిమిది నల్ల రాళ్లు వాటి చుక్కల మీద ఉన్నాయి, మధ్య చుక్క ఖాళీగా ఉంది.